జూదం, పన్ను, చట్టసభ: తరచుగా అడిగే ప్రశ్నలు

సంక్రాంతికి బరుల దగ్గర, ఐపీఎల్‌కి ఫోన్లలో, మిగతా ఏడాదంతా క్లబ్బుల్లో, మామిడి తోటల్లో. జూదం మన దగ్గర ఎక్కడా ఆగింది లేదు. దాని గురించి అడిగే ప్రశ్నలూ ఆగవు. నిషేధించారు కదా, మళ్లీ పన్నెందుకు? రమ్మీ ఆడితే కేసు పెడతారా? గోవాలో ఉంటే ఇక్కడెందుకు ఉండకూడదు? నన్ను తరచూ అడిగేవి కొన్ని ఇక్కడ రాశాను. జవాబుల్లో నా అభిప్రాయాలూ కలుస్తాయి, దాచడం లేదు.

మన రెండు రాష్ట్రాల్లో జూదం పూర్తిగా నేరమేనా?

దాదాపుగా. రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలో 34వ అంశం ‘పందేలు, జూదం’. అంటే దీనిమీద చట్టం చేసే పని మొదటినుంచీ రాష్ట్రాలదే. అందుకే గోవాలో క్యాసినోలున్నాయి, కేరళలో ప్రభుత్వమే లాటరీ టికెట్లు అమ్ముతుంది, మన దగ్గర మాత్రం నలుగురు చెట్టు కింద కూర్చుని మూడు ముక్కలాట ఆడితే పోలీసు జీపు వస్తుంది. మనకున్నది 1974 నాటి గేమింగ్ చట్టం. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ దాన్నే తన పేరుతో ఉంచుకుంది.

గుర్రప్పందేల లెక్క వేరు. గుర్రప్పందెం ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిందని 1996లో తమిళనాడు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మలక్‌పేట రేస్ కోర్సులో కౌంటర్ దగ్గర నిలబడి దర్జాగా పందెం కాయొచ్చు. ఆ గోడ బయట అదే డబ్బుతో లోపల-బయట ఆడితే లోపలేస్తారు.

రమ్మీ జూదమా, కాదా?

ఈ ప్రశ్నకి మూలం సికింద్రాబాద్‌లోనే ఉంది. అక్కడి ఒక క్లబ్బులో సభ్యులు డబ్బు పెట్టి రమ్మీ ఆడుతుంటే పోలీసులు దాడి చేశారు. కేసు పైకి పైకి వెళ్లి 1967 నవంబరులో సుప్రీంకోర్టులో తేలింది. మూడు ముక్కలాట అచ్చంగా అదృష్టం. రమ్మీలో అయితే పడిన ముక్కల్ని గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి, కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యమే అని కోర్టు చెప్పింది. ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలు ఏళ్ల తరబడి చూపించింది ఈ తీర్పునే.

అదే తీర్పులో ఇంకో మాట కూడా ఉంది. డబ్బు పెట్టి ఆడే ఆట మీద క్లబ్బు యజమాని లాభం తీస్తున్నాడని సాక్ష్యం ఉంటే, ఆట రమ్మీ అయినా నేరం అవ్వొచ్చని. ఆటకింత అని కోసుకునే యాప్‌ల ప్రకటనల్లో ఈ రెండో మాట ఎప్పుడూ కనపడలేదు. తీర్పులో సగం చదివి సగం మడిచి జేబులో పెట్టుకున్నారు.

ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి నిషేధిస్తే తప్పేముంది? పని జరిగింది కదా?

పని జరిగితే తప్పేం లేదు. నా గొడవల్లా ఆ పని జరిగిన తీరుతోనే.

తెలంగాణ 2017 జూన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ ఆర్డినెన్స్ (సభ కూర్చోనప్పుడు ప్రభుత్వం తెచ్చే తాత్కాలిక చట్టం) తెచ్చింది. నెల తిరక్కముందే జులైలో దాన్ని సరిచేస్తూ రెండోది తెచ్చింది. అసెంబ్లీ ముందుకు బిల్లు ఆ తర్వాత వచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబరులో అదే దారి పట్టింది, అప్పుడూ ముందు ఆర్డినెన్స్, తర్వాతే సభ. సభ ముందుకి వచ్చేసరికి అంతా అయిపోయి ఉంటుంది, ఇక చేతులెత్తడమే మిగులుతుంది. ఎంతమంది ఆడుతున్నారు, ఎవరు ఎంత పోగొట్టుకున్నారు, పోలీసులకి సర్వర్లు వెతికే సత్తువ ఉందా అని కమిటీలో కూర్చోబెట్టి అడిగినవాళ్లు లేరు. నిషేధించిన తర్వాత నకిలీ లొకేషన్‌తో ఆడే పద్ధతి పదో తరగతి పిల్లలకి కూడా వచ్చేసింది.

తమిళనాడు సంగతి చూడండి. వాళ్లూ 2020లో హడావిడిగా మొదలుపెట్టారు. ఇంత టోకు నిషేధం చెల్లదని 2021 ఆగస్టులో మద్రాసు హైకోర్టు కొట్టేసింది. కర్ణాటక చట్టానికి 2022 ఫిబ్రవరిలో అదే గతి పట్టింది. అప్పుడు తమిళనాడు రిటైర్డ్ జడ్జి చంద్రు అధ్యక్షతన కమిటీ వేసింది, నివేదిక తెప్పించుకుంది, బిల్లు పాస్ చేసింది. గవర్నర్ తిప్పి పంపితే 2023లో మళ్లీ పాస్ చేసి ఆమోదం తెచ్చుకుంది. ఈసారి కోర్టు రమ్మీ, పోకర్‌లని నిషేధం నుంచి తప్పించింది గానీ, చట్టంలో మిగతాది నిలబడింది. అర్ధరాత్రి 12 నుంచి తెల్లవారుజాము 5 దాకా ఆన్‌లైన్ డబ్బాటలు ఆడనివ్వకూడదన్న నిబంధనని 2025 జూన్‌లో హైకోర్టు సమర్థించింది. కష్టపడి రాసుకున్న చట్టం కోర్టులో ఎలా బతుకుతుందో అక్కడ కనపడింది.

2025 కేంద్ర చట్టంతో ఈ గొడవంతా తీరిపోయినట్టేనా?

తీరిపోలేదు, ఢిల్లీకి మారింది. ఆన్‌లైన్ గేమింగ్ బిల్లుని 2025 ఆగస్టు 20న లోక్‌సభలో పెట్టి, గందరగోళం మధ్య అదే రోజు పాస్ చేశారు. 21న రాజ్యసభ, 22న రాష్ట్రపతి సంతకం. మూడు రోజులు! డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ నైపుణ్యమా, అదృష్టమా అనే తేడా లేకుండా నిషిద్ధం. నడిపినవాళ్లకి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటనలిచ్చిన వాళ్లకి రెండేళ్లు, 50 లక్షల దాకా. వాళ్లకి చెల్లింపులు జరిపే బ్యాంకులూ చిక్కుల్లో పడతాయి. ఏటా దాదాపు 45 కోట్ల మంది కలిసి సుమారు 20 వేల కోట్లు పోగొట్టుకుంటున్నారని ప్రభుత్వం లెక్క చెప్పింది. ఆ లెక్క ఎలా కట్టారని సభలో ఎవరైనా అడిగి ఉంటే బాగుండేది. బిల్లుల్ని పరిశీలించే ఎంపీల స్థాయీ సంఘానికి పంపి ఉంటే అడిగేవారేమో.

ఇంకో విచిత్రం ఏమిటంటే, అదే కేంద్రం 2023 ఏప్రిల్‌లో ఐటీ నిబంధనలు మార్చి, ఏ ఆట అనుమతించదగ్గదో తేల్చే పని కంపెనీలు పెట్టుకునే స్వీయ నియంత్రణ సంఘాలకి అప్పగించింది. అందుకు పార్లమెంటులో చర్చ అక్కర్లేదు, గెజిట్ చాలు. ఆ సంఘాల్లో ఒక్కదాన్నీ గుర్తించకుండానే రెండేళ్లు గడిచి, చివరికి టోకున నిషేధం వచ్చింది. అయితే దొంగ చేతికి తాళాలు, లేకపోతే తలుపుకి మేకులు. మధ్యలో ఇంకో దారి ఉందేమో చూడాల్సింది చట్టసభ.

జూదం రాష్ట్రాల అంశమైనప్పుడు పార్లమెంటు ఎలా చట్టం చేస్తుందని కంపెనీలు హైకోర్టులకెక్కాయి. 2025 సెప్టెంబరులో ఆ పిటిషన్లన్నిటినీ సుప్రీంకోర్టు తన దగ్గరికి తెప్పించుకుంది.

ఆడినవాడికి కూడా శిక్షేనా?

ఈ కేంద్ర చట్టంలో ఆడినవాడికి శిక్ష లేదు, అతన్ని బాధితుడిగానే చూశారు. రాష్ట్ర గేమింగ్ చట్టాల్లో ఉంది. జాగ్రత్త.

పన్ను ఎలా పడుతుంది? కొంచెం లెక్కతో చెప్పండి.

రెండు జేబుల్లోంచి పోతుంది. పందెం మీద జీఎస్‌టీ, గెలుపు మీద ఆదాయపు పన్ను.

మొదట జీఎస్‌టీ. ఒకప్పుడు ఆన్‌లైన్ కంపెనీలు తాము ఉంచుకునే ఫీజు మీద 18 శాతం కట్టేవి. వంద రూపాయల ఆటలో కంపెనీ పది ఉంచుకుంటే పన్ను రూపాయి 80 పైసలు. 2023 అక్టోబరు 1 నుంచి ఆటగాడు జమ చేసిన మొత్తం మీద 28 శాతం అన్నారు. వంద మీద 28 రూపాయలు. 2025 సెప్టెంబరు 22 నుంచి క్యాసినోలు, గుర్రప్పందేలు, లాటరీలు, డబ్బాటలు అన్నిటినీ 40 శాతం శ్లాబులోకి తోశారు. కొత్త రేటే కాదు, పాత రోజులకి కూడా మొత్తం పందెం మీదే పన్ను కట్టాలంటూ నోటీసులిచ్చారు. 71 నోటీసులు, కలిపి 1,12,332 కోట్లు అని ప్రభుత్వమే పార్లమెంటుకి చెప్పింది. కంపెనీల మొత్తం ఆదాయాన్ని మించి పన్ను అడిగితే వసూలయ్యేది ఎంత, లాయర్లకి పోయేది ఎంత?

ఇక ఆదాయపు పన్ను. లాటరీలోనో రేసులోనో లక్ష గెలిస్తే 30 శాతం, పైన 4 శాతం సెస్సు, మొత్తం 31,200. బేసిక్ మినహాయింపు వర్తించదు. లాటరీలో లక్ష వచ్చి, రేసులో లక్ష పోయినా సరే, పోయింది తీసేసి లెక్కకట్టడం కుదరదు. చేతిలో పైసా లేకపోయినా 31,200 కట్టాలి. ఆన్‌లైన్ ఆటల్లో అయితే ఆ ఖాతాలో నికరంగా మిగిలిన దాని మీద 30 శాతం కోసుకుని ఇచ్చే పద్ధతి పెట్టారు.

ఈ రేట్లు అసెంబ్లీ నిర్ణయిస్తుందా?

ఇదివరకు నిర్ణయించేది. రాష్ట్రాల జాబితాలో 62వ అంశం కింద పందేల మీద పన్ను వేసే అధికారం ఉండేది. 2016లో 101వ సవరణతో అది జీఎస్‌టీలోకి వెళ్లిపోయింది. ఇప్పుడు రేటు తేల్చేది ఆర్థిక మంత్రులు కూర్చునే జీఎస్‌టీ కౌన్సిల్. 2023లో పార్లమెంటు ఉభయ సభలూ ఒకే రోజు, ఆగస్టు 11న, సవరణలు పాస్ చేశాయి. రాష్ట్రాలు తమ తమ జీఎస్‌టీ చట్టాల్ని అలాగే దిద్దుకున్నాయి. ఎమ్మెల్యేలకి అందులో అక్షరం మార్చే అవకాశం ఉండదు. జూదాన్ని ఆపాలా వద్దా అన్నది అసెంబ్లీ చేతిలో, పన్నెంత అన్నది ఇంకొకరి చేతిలో. ఇంటి పెద్దరికం ఒకరికి, బీరువా తాళం ఇంకొకరికి ఇచ్చినట్టుంది.

నిషేధించినదాని మీద పన్ను వేయొచ్చా? వేస్తే ఒప్పుకున్నట్టు కాదా?

వేయొచ్చు. చట్టం అధికారం లేకుండా పన్ను వసూలు చేయకూడదని రాజ్యాంగం 265వ అధికరణం చెబుతుంది. చట్టం ఉంటే చాలు, ఆ వ్యాపారం సక్రమమా కాదా అన్నది వేరే ప్రశ్న. దొంగ వ్యాపారం మీద వచ్చిన ఆదాయానికీ ఆదాయపు పన్ను ఉంటుంది. 2023 జీఎస్‌టీ సవరణలో అయితే ఏ దాపరికం లేకుండా రాసేశారు, వేరే చట్టం కింద అనుమతి ఉన్నా లేకపోయినా డబ్బాట మీద పన్ను పడుతుందని. 2025 ఆగస్టులో నిషేధం, సెప్టెంబరులో అదే సరుకుకి 40 శాతం రేటు. న్యాయశాస్త్రం ప్రకారం ఇందులో వైరుధ్యం లేదు. మామూలు మనిషికి చెబితే నవ్వుతాడు.

కేరళలా మనమూ లాటరీ పెట్టి ఆస్పత్రులు కట్టుకోవచ్చు కదా?

చాలామందికి నచ్చే ఆలోచన ఇది. నాకూ కొన్నాళ్లు నచ్చింది.

కేరళ 1967లో లాటరీ శాఖ పెట్టింది. టికెట్ రూపాయి, మొదటి బహుమతి 50 వేలు, తొలి డ్రా 1968 జనవరి 26న. ఇప్పుడు ఓణం బంపర్ 25 కోట్లు. దేశంలో ఏ రాష్ట్రమైనా లాటరీ నడపాలంటే 1998 నాటి కేంద్ర చట్టం పాటించాలి. టికెట్ ప్రభుత్వమే అచ్చువేయాలి, డ్రా ఆ రాష్ట్రంలోనే తీయాలి, సింగిల్ నంబర్ మీద బహుమతి ఇవ్వకూడదు, అమ్మకం సొమ్మంతా రాష్ట్ర ప్రభుత్వ ఖాతాలో పడాలి. సింగిల్ నంబర్ లాటరీ ఎన్ని ఇళ్లు కూల్చిందో చూసినవాళ్లకి ఆ నిబంధన విలువ తెలుస్తుంది.

సొమ్ము ప్రభుత్వ ఖాతాలో పడితే అది బడ్జెట్ పుస్తకంలోకి వస్తుంది, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ ఆడిట్‌లోకి వస్తుంది, ఎమ్మెల్యేల పద్దుల సంఘం అడగొచ్చు. ఇది కేరళ నుంచి నిజంగా నేర్చుకోవాల్సింది. కానీ పత్రికల్లో వచ్చే వేల కోట్ల అంకె చూసి మోసపోకండి. అది అమ్మకాల మొత్తం. అందులోంచి బహుమతులు, ఏజెంట్ల కమీషన్, అచ్చు ఖర్చు పోగా ఖజానాకి మిగిలేది చాలా చిన్న ముక్క. ఇక కారుణ్య లాటరీ డబ్బుతో పేదల వైద్యం అన్నది వినడానికి బాగుంటుంది. రోజుకూలీ లాటరీ కొంటేనే పక్కింటి రోజుకూలీకి డయాలసిస్ జరిగే ఏర్పాటు నాకెందుకో మింగుడుపడదు. వైద్యానికి డబ్బు మామూలు పన్నుల్లోంచి రావాలి.

గోవా పద్ధతి ఎలా ఉంది?

వారాంతం విమానాల్లో వెళ్లే మనవాళ్లకి మాండవి నదిలో దీపాల క్యాసినో పడవలు తెలుసు, వాటి వెనక చట్టం తెలియదు. 1976 నాటి జూదం చట్టాన్ని 1992లో సవరించి ఫైవ్‌స్టార్ హోటళ్లలో యంత్రాల ఆటలకి, 1996లో నీటి మీద క్యాసినోలకి దారి తెరిచారు. స్థానికులు క్యాసినోల్లో అడుగు పెట్టకూడదని 2012లో సవరణ వచ్చింది. అది అమల్లోకి వచ్చింది 2020 ఫిబ్రవరిలో! సభ పాస్ చేసిన మాటని ప్రభుత్వం ఎనిమిదేళ్లు అటక మీద పెట్టింది. పైగా గేమింగ్ కమిషనర్‌గా పెట్టింది పన్నుల అధికారినే. వసూళ్లు పెరిగితే మెప్పు పొందే మనిషే జనాన్ని కాపాడాలంటే ఎలా? లైసెన్స్ ఫీజులకి అలవాటు పడ్డ ఖజానా పడవల్ని నది నుంచి తీయించలేదు.

చట్టసభ పర్యవేక్షణ అంటే ఆచరణలో ఏం చేయాలి?

మనకిది కొత్తేం కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలోనే ద్యూతాధ్యక్షుడనే అధికారి ఉన్నాడు. జూదం ఒకేచోట ఆడాలి, వేరేచోట ఆడితే 12 పణాల జరిమానా, గెలిచినదాంట్లో నూటికి ఐదు రాజుకి, పాచికల అద్దె వేరే. పాచికలు మార్చి మోసం చేస్తే శిక్ష. అయితే ద్యూతాధ్యక్షుడు లెక్క చెప్పేది రాజుకి. మనకి లెక్క చెప్పాల్సింది సభకి.

ముందు బిల్లు కమిటీకి వెళ్లాలి. ఆడి మునిగినవాళ్ల కుటుంబాలు, పోలీసులు, బ్యాంకులు, కంపెనీలు అందరూ వచ్చి చెప్పాలి. లైసెన్స్ ఎవరికి, ఎన్నేళ్లకి, పందెం పరిమితి ఎంత అన్నవి చట్టంలోనే రాయాలి, జీవోలకి వదలకూడదు. నిబంధనలు సభ ముందు పెట్టాలి. లైసెన్స్ ఇచ్చేవాడు, పన్ను వసూలు చేసేవాడు వేరు వేరు మనుషులు కావాలి. ఏడాదికోసారి వచ్చిన డబ్బు, పెట్టిన కేసులు, శిక్ష పడినవి, చికిత్సకి ఖర్చు చేసింది సభకి చెప్పాలి. చివరిది మన దగ్గర అసలు లేదు.

లా కమిషన్ 2018 జులైలో ఇచ్చిన 276వ నివేదిక ఇలాంటివే చెప్పింది. పూర్తిగా ఆపలేకపోతే కట్టుదిట్టంగా నియంత్రించాలి, ఆధార్ లేదా పాన్‌తో ముడిపెట్టాలి, నగదు లేకుండా చేయాలి, ఆడే సార్లకి హద్దు పెట్టాలి, ప్రభుత్వ సాయం పొందేవాళ్లని దూరంగా ఉంచాలి అని. ఎన్ని చట్టసభలు దాన్ని చర్చకు తీశాయో చూస్తే నిరాశే.

బ్రిటన్‌లో జరిగింది ఒకటి చెప్పాలి. అక్కడ 2005 చట్టం కింద గ్యాంబ్లింగ్ కమిషన్ ఉంది, వీధి చివర బెట్టింగ్ షాపులు చట్టబద్ధం. ఆ షాపుల్లోని యంత్రాల మీద ఒక్క నొక్కుకి 100 పౌండ్ల దాకా పెట్టనిచ్చేవాళ్లు. దాన్ని 2 పౌండ్లకి తగ్గిస్తామని 2018లో ప్రభుత్వం చెప్పింది. తీరా అమలు తేదీని 2019 అక్టోబరుకి నెట్టింది. ఆ శాఖ చూసే మంత్రి ట్రేసీ క్రౌచ్ రాజీనామా చేసి బయటికొచ్చింది. సొంత పార్టీ ఎంపీలే తిరగబడేసరికి ప్రభుత్వం దిగొచ్చి 2019 ఏప్రిల్ నుంచే అమలు చేసింది. ఆరు నెలల ఆలస్యం కోసం పదవి వదిలిన మంత్రి! గోవా ఎనిమిదేళ్లు గుర్తొస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు.

సింగపూర్‌లో ఉన్న మనవాళ్లకి ఇంకోటి తెలుసు. అక్కడ క్యాసినోలోకి వెళ్లాలంటే పౌరులు, పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) ఉన్నవాళ్లు రోజుకి 150 సింగపూర్ డాలర్ల ప్రవేశ రుసుము కట్టాలి, విదేశీయులకి అక్కర్లేదు. ఇంటివాళ్లు దరఖాస్తు చేసుకుంటే ఆ మనిషిని లోపలికి రానివ్వకుండా ఆపే ఏర్పాటూ ఉంది.

సంక్రాంతి కోడిపందేలకీ లైసెన్స్ ఇచ్చి పన్ను కట్టించుకుంటే పోదా?

భీమవరం వైపు ఎవర్ని కదిలించినా ఈ మాటే. అక్కడ అడ్డం వచ్చేది గేమింగ్ చట్టం ఒక్కటే కాదు. జంతువుల్ని కొట్లాటకి ఉసిగొల్పడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరం, అది కేంద్ర చట్టం. జల్లికట్టు కోసం తమిళనాడు 2017లో సవరణ చేసి రాష్ట్రపతి ఆమోదం తెచ్చుకుంది, 2023లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. కోడిపందెం కోరేవాళ్లు కూడా అలా సభకి రావాలి. జల్లికట్టులో ఎద్దు కాలికి కత్తి ఉండదు, ఇక్కడ కత్తే పందెం. ఆ తేడా సభలో ఎలా సమర్థిస్తారో నాకు వినాలని ఉంది.

నిజానికి బరి దగ్గర పెద్ద డబ్బు ఎప్పుడూ కోడి మీదే ఉండదు. పక్కన టార్పాలిన్ కింద ఫ్లడ్‌లైట్ వెలుగులో గుండాట బల్లలుంటాయి. కోడి చూడ్డానికి వచ్చిన కుర్రాడు అక్కడ నిలబడతాడు. డబ్బా కదుపుతారు, తీస్తారు, బల్ల మీది నోట్లన్నీ ఒక్క చేత్తో అటు లాగేస్తారు. అంతా పది సెకన్లు. డేగ, కాకి, నెమలి అని కోడి రకాలు చెబుతూ సంప్రదాయం మాట్లాడేవాళ్లు ఈ బల్ల గురించి ఒక్క మాటా మాట్లాడరు.

మా ఇంట్లో ఒకరు ఇరుక్కున్నారు. ఏం చేయాలి?

ముందు తిట్టడం ఆపి లెక్క తీయండి. మా బంధువుల అబ్బాయి ఒకడు అప్పుల్లో పడితే, వాళ్ల నాన్న బ్యాంకు స్టేట్‌మెంట్ ప్రింట్ తీయించి నా ముందు పెట్టాడు. రాత్రి 11:52కి 500. 11:58కి 500. 12:07కి 1,000. 12:11కి 2,000. అలా మూడు పేజీలు. చివర్న తెల్లవారుజామున 4:40కి 20 రూపాయలు, టీ కొట్టుకి. వాడికి నైపుణ్యం ఉందా లేదా అని ఏ కోర్టూ తేల్చక్కర్లేదు, ఆ టైములు చూస్తే చాలు.

ఫోన్‌లో రోజువారీ చెల్లింపు పరిమితిని బాగా తగ్గించండి. లోన్ యాప్‌లుంటే వాటి అప్పులు వేరేగా రాసుకోండి, వేధింపులొస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మానసికంగా కుంగితే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు. వాడు ‘పోయింది తిరిగి రాబట్టి మానేస్తా’ అంటే నమ్మకండి, డబ్బివ్వకండి.

మా ఎమ్మెల్యేని ఏం అడగాలి? అడిగితే ప్రయోజనం ఉంటుందా?

‘జూదాన్ని అరికట్టండి’ అని వినతిపత్రం ఇస్తే ఫోటో దిగి పంపించేస్తారు. అంకెలు అడగండి. మన జిల్లాలో గేమింగ్ చట్టం కింద గత మూడేళ్లలో ఎన్ని కేసులు పెట్టారు, నిర్వాహకుల మీద ఎన్ని, ఆడినవాళ్ల మీద ఎన్ని, శిక్షలెన్ని? పట్టుకున్న నగదు ఏ ఖాతాలో జమైంది? జూదం, లాటరీ, గుర్రప్పందేల మీద రాష్ట్రానికి వచ్చిన జీఎస్‌టీ వాటా ఎంత, అందులో డీ-అడిక్షన్ కేంద్రాలకి ఎంత ఇచ్చారు? ఎమ్మెల్యే దీన్ని ప్రశ్నోత్తరాల సమయంలో అడిగితే మంత్రి సమాధానం ఇవ్వాలి, అది సభ రికార్డులో ఉండిపోతుంది.

ఆయన అడగకపోతే కేసుల లెక్క మీరే సమాచార హక్కు కింద అడగొచ్చు. మన రాష్ట్రాల్లో దరఖాస్తు ఫీజు గ్రామ స్థాయిలో లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10.